స్త్రీ దేశాన్ని నడపవచ్చా? ఈ అంశంపై మన ఊళ్లో చర్చ పెట్టే పద్ధతి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో తెలుగు సంఘాలు ఉగాదికో మార్చి 8వ తేదీకో వక్తృత్వ పోటీలు పెట్టినప్పుడు, దేశానికి స్త్రీ నాయకత్వం వహించవచ్చా అన్న అంశం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అది సాగే తీరు కూడా చాలామందికి తెలిసినదే. అమ్మాయిలు అనుకూలంగా, అబ్బాయిలు ప్రతికూలంగా మాట్లాడతారు; ముఖ్య అతిథి స్త్రీని ఆదిశక్తి అని కొనియాడతారు; స్టీలు గిన్నెలు బహుమతులుగా ఇస్తారు; ఏ ఒక్కరి అభిప్రాయమూ వెంట్రుకవాసి కదలకుండానే సభ ముగుస్తుంది. అలా కాకుండా, విన్నవారిలో కొందరైనా తాము అంతవరకు నమ్మినదాన్ని మరొకసారి పరిశీలించుకునేలా ఈ చర్చను నిర్వహించదలచినవారి కోసం ఈ వ్యాసం. సంఘ కార్యదర్శులు, ఉపాధ్యాయులు, స్వయం సహాయక సంఘాల నాయకురాళ్లు ఎవరైనా ఈ పద్ధతిని అనుసరించవచ్చు.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. దేశాన్ని స్త్రీ నడపగలదా అన్న సందేహానికి ఆధారం లేదని నేను నమ్ముతాను. అయితే ఆ మాటను వేదిక మీద ప్రకటించినంత మాత్రాన ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనవసరమూ లేదు. తీర్పు చెప్పడం నిర్వాహకుడి పని కాదు. పురుషుడిని కొలిచే కొలతతోనే స్త్రీనీ కొలిచేలా సభను అమర్చడం అతని పని. ప్రశ్నను రాసే తీరులోను, పక్షాలను పంచే తీరులోను, మార్కుల కాగితంలోను, చివరికి సభకు పెట్టిన వేళలోను ఆ కొలత మనకు తెలియకుండానే మారిపోతూ ఉంటుంది.

ముందు ప్రశ్నను సరిచేయాలి

‘స్త్రీ దేశాన్ని పాలించవచ్చా’ అని అడిగితే దానికి సమాధానం రాజ్యాంగంలోనే ఉంది. రాష్ట్రపతి పదవికి భారత పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలని 58వ అధికరణం చెబుతుంది. ప్రధానమంత్రికి పార్లమెంటు సభ్యత్వం, లోక్‌సభ విశ్వాసం కావాలి. ఆడా మగా అన్న షరతు ఎక్కడా లేదు. పైగా 1966 జనవరి 24న ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణస్వీకారం చేసిననాడే ఆ ప్రశ్న ఆచరణలో కూడా తీరిపోయింది. తీరిపోయిన ప్రశ్నను మళ్లీ వేస్తే, వక్తలకు చెప్పుకోవడానికి చట్టం గాని చరిత్ర గాని మిగలదు కనుక, వారు స్వభావాల మీద పడతారు: స్త్రీ కన్నీళ్లు, పురుషుడి గుండె ధైర్యం, ఇల్లాలి బాధ్యతలు. చర్చ దారి తప్పేది అక్కడే.

కాబట్టి అంశాన్ని ప్రశ్నగా కాక ఒక నిర్దిష్టమైన ప్రతిపాదనగా రాయండి. నిజాయితీగా సమర్థించడానికీ, అంతే నిజాయితీగా ఖండించడానికీ వీలున్న వాక్యం కావాలి. ‘రాజకీయ కుటుంబం అండ లేని స్త్రీ మన దేశంలో ప్రధానమంత్రి కావడం అసాధ్యం’ అన్నది నాకు నచ్చిన ప్రతిపాదన. ‘పంచాయతీల్లో స్త్రీలకు ఇచ్చిన సగం స్థానాలు దేశ నాయకత్వానికి దారి తీయవు’ అన్నది మన జిల్లాలకు ఇంకా బాగా సరిపోతుంది, ఎందుకంటే దాని మీద మాట్లాడగలిగిన సాక్షులు మన చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. సంఘంలోని పెద్దలు పాత ప్రశ్నే ఉండాలని పట్టుబడితే వారితో తగవు పెట్టుకోనక్కరలేదు. ప్రశ్నను అలాగే ఉంచి, దాని కింద రెండు వివరణలు అచ్చువేయించండి. ఒకటి, ఇక్కడ స్త్రీ అంటే పోటీలో నిలిచిన ఒక వ్యక్తి, స్త్రీజాతి మొత్తం కాదు. రెండు, నాయకత్వం అంటే ప్రభుత్వాన్ని నడిపే బాధ్యత.

రెండో వివరణ చిన్నదిగా కనిపించినా, అది లేకపోతే చర్చలో సగం సమయం వృథా అవుతుంది. ద్రౌపదీ ముర్ము 2022 జూలై 25న రాష్ట్రపతి అయ్యారు కదా, ఇక చర్చ ఎందుకని ఎవరో ఒకరు తప్పక అంటారు. మయూర్‌భంజ్ జిల్లా సంతాల్ కుటుంబంలో పుట్టి, 1997లో రాయరంగపూర్ పట్టణ కౌన్సిలర్‌గా మొదలై, 2000లో శాసనసభ్యురాలై, మంత్రిగా, జార్ఖండ్ గవర్నర్‌గా పనిచేసి ఆ స్థానానికి చేరిన ఆమె ప్రయాణం కచ్చితంగా చెప్పుకోదగినదే. స్థానిక సంస్థల నుంచి పై పదవికి దారి ఉందని వాదించేవారికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాని మన పద్ధతిలో రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలి. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి 1969లో అదే పదవికి ఎన్నికైనప్పుడు, ఆయన గెలుపు వెనుక ఉన్న రాజకీయ బలం ప్రధానమంత్రి ఇందిరాగాంధీది. దేశాన్ని నడిపేది ఎవరన్నది ఆ ఒక్క ఎన్నికను వివరిస్తేనే పిల్లలకు బోధపడుతుంది.

పక్షాలను చీటీ వేసి పంచండి

ఎవరు అనుకూలంగా మాట్లాడాలి, ఎవరు ప్రతికూలంగా మాట్లాడాలి అన్నది వక్తల ఇష్టానికి వదలకండి. (ప్రతిపాదనను ఎలా రాసినా, ఈ వ్యాసంలో అనుకూలపక్షం అంటే స్త్రీ నాయకత్వానికి అనుకూలమైన పక్షమే.) వదిలితే స్త్రీలందరూ ఒకవైపు, పురుషులందరూ మరొకవైపు చేరతారు. అప్పుడు వినేవారికి వాదం వినిపించదు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ పోటీ జరుగుతున్నట్టు కనిపిస్తుంది. చీటీ వేస్తే పదో తరగతి అబ్బాయి స్త్రీ నాయకత్వాన్ని సమర్థించవలసి వస్తుంది, అంగన్‌వాడీ కార్యకర్త దాన్ని ఖండించవలసి వస్తుంది. ఇద్దరూ మొదట మొహమాటపడతారు. వారం ముందు చీటీ తీయించి, తమకు ఇష్టంలేని పక్షానికి ఆధారాలు వెతుక్కొమ్మంటే, ఆ వెతుకులాటలో నేర్చుకునేది వేదిక మీద నేర్చుకునేదానికంటే ఎక్కువ.

ఆధారాలు ఎలా సమకూర్చుకోవాలి

వక్తలకు నిర్వాహకులే ఒక పేజీ సమాచారం ఇవ్వడం మంచిది, లేకపోతే ఫోనులో చక్కర్లు కొట్టే లెక్కలన్నీ వేదిక మీదికి వస్తాయి. ఆ పేజీలో ఉండవలసినవి ఎక్కువేమీ కాదు. ప్రపంచంలో తొలి మహిళా ప్రధానమంత్రి శ్రీలంకకు చెందిన సిరిమావో బండారనాయకే, 1960 జూలైలో. ఆ తరువాత ఇందిరాగాంధీ 1966లో, ఇజ్రాయెల్‌లో గోల్డా మేయిర్ 1969లో, బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ 1979లో, పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో 1988లో, బంగ్లాదేశ్‌లో ఖలీదా జియా 1991లో, జర్మనీలో ఏంజెలా మెర్కెల్ 2005లో పదవి చేపట్టారు.

ఈ జాబితాను చదివి ఊరుకుంటే అది అనుకూలపక్షానికి కానుక ఇచ్చినట్టవుతుంది. అందులోని పేచీని కూడా అదే పేజీలో రాయాలి. సిరిమావో భర్త 1959లో హత్యకు గురైన తరువాతే ఆమె రాజకీయాల్లోకి వచ్చారు. ఇందిర, బేనజీర్, షేక్ హసీనా ప్రధానమంత్రుల కుమార్తెలు. ఖలీదా జియా హత్యకు గురైన అధ్యక్షుడి భార్య. దక్షిణాసియాలో స్త్రీకి పీఠం దొరికిందంటే ఇంటిపేరుకు దొరికిందనే ప్రతికూలపక్షం మాటలో బలం ఉంది. దానికి అనుకూలపక్షం చెప్పగలిగిన జవాబులు రెండు. థాచర్ కిరాణా వ్యాపారి కూతురు, మెర్కెల్ చర్చి పాస్టరు కూతురు, భౌతికశాస్త్రం చదివి శాస్త్ర పరిశోధన చేసినవారు. వారికి ఏ ఇంటిపేరూ అండ కాలేదు. రెండోది, వారసత్వం మగవారికీ పదవులు ఇస్తూనే ఉంది, కాని కొడుకు గెలిచినప్పుడు ఇది మగవారి అసమర్థతకు రుజువని ఎవరూ అనరు.

ఈ రెండో జవాబులో ఉన్న పరీక్షనే చర్చ మొత్తానికి నియమంగా పెట్టమని నా సలహా. వక్త ఒక స్త్రీ నాయకురాలి వైఫల్యాన్ని చెప్పిన వెంటనే, అదే పని పురుషుడు చేసినప్పుడు మనం దానిని అతని పురుషత్వానికి అంటగట్టామా అని సభాధ్యక్షుడు అడగాలి. లిజ్ ట్రస్ 2022లో బ్రిటన్ ప్రధానిగా రెండు నెలలు కూడా నిలవలేదు. 1996లో వాజపేయి తొలి ప్రభుత్వం 13 రోజులకే పడిపోయింది. మొదటిదాన్ని ఆడవారి చేతకానితనంగాను, రెండోదాన్ని సంఖ్యాబలం లేకపోవడంగాను చెప్పే వక్తకు మార్కులు తగ్గించండి. నియమం ఎదుటిపక్షానికీ వర్తిస్తుంది: మెర్కెల్ 16 ఏళ్లు నిలిచారు కనుక స్త్రీలు స్థిరమైన పాలన ఇస్తారనడం కూడా అంతే తప్పు. స్త్రీలు శాంతిప్రియులు కనుక యుద్ధాలు ఉండవనే మాట 1971 బంగ్లాదేశ్ యుద్ధం ముందు, 1982 ఫాక్లాండ్స్ యుద్ధం ముందు నిలవదు.

ఇందిరాగాంధీ ప్రస్తావన మాత్రం ఇంకొంచెం లోతుగా జరగాలి. ఏ పక్షమైనా ఆమెను తప్పించుకుని మాట్లాడలేదు, పైగా ఆమె కథలో మన రెండు నేలలూ, ఒడిశా, తెలుగునేల, ఉన్నాయి. 1967 ఎన్నికల ప్రచారంలో భువనేశ్వర్ సభలో ఎవరో విసిరిన రాయి తగిలి ఆమె ముక్కుకు దెబ్బ తగిలింది. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1974లో పోఖ్రాన్ అణుపరీక్ష ఆమె హయాంలోవే. 1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితి కూడా ఆమెదే. పత్రికల గొంతు నొక్కడం, ప్రతిపక్ష నాయకులను జైళ్లలో పెట్టడం, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అనుకూలపక్షం దాచకూడని విషయాలు. 1977లో ఉత్తరాది ఆమెను ఓడించింది. ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 ఆమె పార్టీకి ఇచ్చింది. 1980లో రాయబరేలీలోను మెదక్‌లోను గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 30న ఆమె చివరి బహిరంగసభ జరిగింది మళ్లీ భువనేశ్వర్‌లోనే. మరునాడు హత్యకు గురైననాటికి ఆమె తెలుగువారి ఎంపీ.

వక్తలకు ఇవ్వవలసిన కసరత్తు ఇది: పై జాబితాలో ప్రతి నిర్ణయం పక్కనా, ఆ స్థానంలో పురుషుడు ఉంటే ఇది జరిగేదా జరగదా, ఎందుకు అని రాసుకురమ్మనండి. అత్యవసర పరిస్థితికి కారణం ఆమె స్త్రీ కావడమా, లేక పార్టీలో అడ్డుచెప్పేవారెవరూ మిగలకపోవడమా? రాసుకుంటూ పోతే ప్రశ్న స్త్రీ నుంచి అధికారం వైపు తనంతట తనే తిరుగుతుంది. ఆ మలుపు వచ్చిందంటే సభ సగం సార్థకమైనట్టే.

రాణుల కథలకు తక్కువ చోటివ్వండి. రుద్రమదేవి పేరు తెలుగువారి సభలో రాకుండా ఉండదు. ఆమె శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుందన్న సంగతి చెబితే ఆనాటి సింహాసనం ఏ షరతు మీద దొరికిందో అర్థమవుతుంది. ఒడిశాలో భౌమకర వంశంలో త్రిభువన మహాదేవి, దండి మహాదేవి వంటి రాణులు స్వయంగా రాజ్యం చేశారు. దండి మహాదేవి తామ్రశాసనాలు మన గంజాం ప్రాంతంలోనే దొరికాయి. పిల్లలకు ఇవి తెలియడం మంచిదే. కాని రాచరికంలో ఓటరు లేడు కనుక, నేటి ప్రశ్నకు ఈ ఆధారాలు పాక్షికంగానే పనికివస్తాయి.

ఇక సరిహద్దులో ఉన్న మనకు మాత్రమే తట్టే పోలిక ఒకటి ఉంది. ఒడిశాకు నందినీ శతపథి 1972లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని ఇంతవరకు ఒక్క మహిళ కూడా ముఖ్యమంత్రి కాలేదు. నందినీ శతపథి తరువాత ఒడిశాలోనూ మరొకరు రాలేదు కనుక ఇందులో ఎవరూ గర్వపడవలసినదేమీ లేదు; అయినా వక్తలు కారణాలు వెతకదగిన విషయం.

ఏ వాదాలను ముందే కొట్టివేయాలి

దేవత వాదాన్ని మొదట పక్కన పెట్టండి. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగినప్పుడు, అమ్మవారిని ఆడపడుచులా దేశీబెహరా వీధికి తెచ్చుకుని పట్టణమంతా కొలుస్తుంది. దాన్ని చూపి, స్త్రీని ఇంతగా పూజించేవాళ్లం మనం అని వక్త అనగానే చప్పట్లు మోగుతాయి. పూజించిన చేతులే మునిసిపాలిటీ ఎన్నికలో ఎవరికి ఓటు వేశాయన్నది వేరే ప్రశ్న. భక్తి వల్ల అర్హత ఉన్నట్టూ రుజువు కాదు, లేనట్టూ రుజువు కాదు.

సామెతలూ అంతే. ‘తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు’ అని ఒకరు అంటే సభ నవ్వుతుంది, ఎదుటి వక్త ఏమి చెప్పినా ఆ నవ్వు ముందు తేలిపోతుంది. సామెతను నిషేధించనక్కరలేదు, సామెత చెప్పినవారు దానికి ఒక వాస్తవ ఉదాహరణ కూడా ఇవ్వాలని నియమం పెడితే చాలు, చాలామంది దానిని తమంతట తామే మానుకుంటారు.

రెండు గొంతుల పరీక్ష

సభలో వాదాలు మొదలుకాకముందు చేయవలసిన ప్రయోగం ఒకటి ఉంది. ఎస్తర్ డఫ్లో, మరికొందరు ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, గ్రామ నాయకుడి ప్రసంగం ఒకటే తీసుకుని కొందరికి పురుషుడి గొంతులో, కొందరికి స్త్రీ గొంతులో వినిపించారు. మాటలు అవే అయినా, మహిళా ప్రధాన్‌ను (గ్రామ పంచాయతీ అధ్యక్షురాలిని) ఎన్నడూ చూడని ఊళ్లలో పురుషులు స్త్రీ గొంతుకు తక్కువ విలువ కట్టారు. రిజర్వేషన్ వల్ల మహిళా ప్రధాన్ పాలన చూసిన ఊళ్లలో ఆ తేడా చాలావరకు పోయింది. మన సభకు పనికివచ్చే పద్ధతి ఇది.

ఒక పేజీ ప్రసంగం రాయండి. ఊరి ఓటర్లు కూడే పల్లీసభలో సర్పంచ్ మాట్లాడుతున్నట్టు ఉండాలి: చెడిపోయిన బోరింగు బాగుచేయించడానికి డబ్బు మంజూరైందనీ, కాని కాలువ తవ్వడానికి ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి రావాలనీ, రానివారి పేరు రిజిస్టరులో రాస్తాననీ. కొంచెం కఠినంగా ఉండటం ముఖ్యం. తీయని మాటలకు ఎవరి గొంతులోనైనా మంచి మార్కులే పడతాయి. ఇంచుమించు ఒకే వయసున్న స్త్రీ చేతా పురుషుడి చేతా దాన్ని ఒకే ఫోనులో, ఒకే గదిలో, ఒకే వేగంతో చదివించి రికార్డు చేయండి. చదివినవారు సభికులకు తెలిసినవారై ఉండకూడదు. పర్లాకిమిడిలో సభ అయితే రాయగడ వారి గొంతు తీసుకోండి.

సభికులకు తలుపు దగ్గరే సరి, బేసి అంకెల చీటీలు ఇచ్చి రెండు గదుల్లో కూర్చోబెట్టండి. ఆడవారు ఒక గదిలో, మగవారు ఒక గదిలో చేరకుండా చూడండి. ఒక గది స్త్రీ గొంతు, మరొక గది పురుషుడి గొంతు వింటుంది. తరువాత కాగితం మీద మూడు ప్రశ్నలకు పదికి ఇన్ని అని మార్కులు వేయాలి: ఈ నాయకుడికి పని తెలుసా, అధికారులు ఈయన మాట వింటారా, మీరు ఓటు వేస్తారా. స్త్రీ గొంతు వినిపించే గదిలో ఈ మూడు ప్రశ్నలనూ ‘నాయకురాలు’, ‘ఈమె’ అని మార్చి అచ్చువేయడం మరవకండి. పేర్లు రాయించవద్దు. ఒక మూల ఆడ, మగ అన్న గుర్తు చాలు.

లెక్కలు కట్టి, అందరినీ ఒకచోట చేర్చి, ప్రసంగం ఒకటేనని చెప్పి, రెండు గదుల సగటులను బోర్డు మీద రాయండి. తేడా వచ్చినా రాకపోయినా అది మీ సభకే చెందిన అంకె, ఊరి మొత్తానికి తీర్పు కాదు. ముప్పై నలభై మంది మార్కులతో సిద్ధాంతాలు చేయకూడదు. స్త్రీలు కూడా స్త్రీ గొంతుకు తక్కువ వేసిన సందర్భం ఎదురైతే, దానిని ఎవరినీ ఎత్తిపొడవడానికి వాడుకోనివ్వకండి.

ఈ పరీక్ష చేసినవారు తమ మార్కుల కాగితాన్ని కూడా మార్చుకోవాలి. వక్తృత్వ పోటీల్లో కంఠస్వరం, గాంభీర్యం, హావభావాలు అని మార్కులు వేయడం మనకు అలవాటు. గాంభీర్యం అన్న గడిలో బరువైన మగ గొంతుకు పడే మార్కులు సన్నని గొంతుకు పడవు. ఆ గడిని తీసివేసి, చెప్పిన వాస్తవం సరైనదేనా, ఎదుటివారి బలమైన వాదానికి జవాబు ఇచ్చారా, ఒకే కొలత పాటించారా అన్న మూడింటికే మార్కులు పెట్టండి. ఒడియా బడిలో చదివిన పిల్లలు తెలుగులో మాట్లాడుతూ మధ్యలో ఒడియా మాటలు వాడితే మార్కులు తగ్గించకండి. రెండు భాషలూ తెలిసినవారినే న్యాయనిర్ణేతలుగా పెట్టుకోండి.

సాక్షులను పిలవడం

చాలా రాష్ట్రాలకంటే ఈ విషయంలో మనకు అనుభవం ముందుగా వచ్చింది. పంచాయతీల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలు తప్పనిసరి చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి రాకముందే, అప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ప్రభుత్వ చట్టం ప్రకారం 1992లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో ఒడిశా మూడోవంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. 2012 నుంచి సగం ఇస్తోంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో బిజూ జనతాదళ్ 21 స్థానాల్లో ఏడింటిలో మహిళలను నిలబెట్టగా ఐదుగురు గెలిచారు. వారిలో అస్కా నుంచి రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచిన ప్రమీలా బిసోయీ మన గంజాం జిల్లా పల్లెటూరి మనిషి, మిషన్ శక్తి అనే ఒడిశా ప్రభుత్వ కార్యక్రమం కింద స్వయం సహాయక సంఘాల్లో పనిచేసి పైకి వచ్చినవారు. దేశం మొత్తం మీద 2024లో గెలిచిన మహిళా ఎంపీలు 543 మందిలో 74 మంది. చట్టసభల్లో మూడోవంతు ఇస్తామన్న 106వ సవరణ 2023లో ఆమోదం పొందినా, దాని అమలును జనగణనతోను నియోజకవర్గాల పునర్విభజనతోను ముడిపెట్టారు. కింద సగం, పైన ఏడోవంతు ఎందుకన్నదానికి పంచాయతీలో కూర్చున్న స్త్రీకంటే బాగా చెప్పగలవారు ఉండరు.

అందుకే ఒక మహిళా సర్పంచ్‌ను గాని పంచాయతీ సమితి సభ్యురాలిని గాని పిలవండి. శాలువా కప్పి పంపించే అతిథిగా పిలవవద్దు. అరగంట ప్రశ్నలకు జవాబు చెప్పే సాక్షిగా పిలవండి, ఆ సంగతి ఆహ్వానంలోనే రాయండి. ఆ ఆహ్వానం ఆమె చేతికే ఇవ్వాలి. పంచాయతీ ఆఫీసు గోడ మీద సర్పంచ్ పేరు ఎదురుగా ఉన్న ఫోను నంబరుకు చేస్తే చాలాచోట్ల భర్తగారు ఎత్తుతారు, సభకు తానే వస్తానంటారు. ఆయనను అవమానించకండి, మర్యాదగా ముందు వరుసలో కూర్చోబెట్టి టీ ఇవ్వండి, మైకు మాత్రం ఇవ్వకండి.

ప్రశ్నలు నిర్దిష్టంగా ఉండాలి. మహిళా సాధికారత గురించి మీ అభిప్రాయం ఏమిటని అడిగితే పుస్తకంలోని జవాబు వస్తుంది. పంచాయతీ చెల్లింపులకు సర్పంచ్ డిజిటల్ సంతకం కావాలి. పెన్‌డ్రైవ్ వంటి ఆ చిన్న డాంగిల్ మీ బీరువాలో ఉంటుందా, ఇంకెవరి జేబులోనైనా ఉంటుందా అని అడగండి. దాని పాస్‌వర్డు తెలిసినవారు ఎవరు? బ్లాక్ సమావేశానికి ఎవరి బండి మీద వెళ్తారు? మీరు వద్దన్న బిల్లు ఏదైనా ఆగిందా? మొదటి ఏడాది భర్త పక్కన కూర్చుని చూపించిన చోట సంతకం పెట్టిన మనిషి, మూడో ఏడాదికి మస్టరు రోల్‌లోని (కూలీల హాజరు పట్టీలోని) దొంగ పేర్ల కింద గీత గీసి కాగితం వెనక్కి నెట్టిందంటే, ఆమె నోట ఆ సంఘటన ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పించండి. భర్త నడిపే పంచాయతీలు ఉన్నాయన్నది నిజం. ప్రతికూలపక్షం దాన్ని చెప్పవలసిందే. అయితే అప్పుడు తప్పు పీఠం మీద ఉన్న స్త్రీదా, వెనుక నుంచి నడిపే పురుషుడిదా అని అడగడం అనుకూలపక్షం వంతు.

రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు కనుక అక్కడి సర్పంచ్ పదవులు ఆదివాసులవే. గుణుపురం వైపు సవర మహిళ, రాయగడ వైపు కోదు మహిళ సాక్షిగా వస్తారు. సంతలో పనికివచ్చేంత తెలుగు వారికి వచ్చినా, సభలో తమ భాషలోనే మాట్లాడతామంటే మాట్లాడనివ్వండి. అనువాదానికి స్వయం సహాయక సంఘంలో లెక్కలు రాసే అమ్మాయి సరిపోతుంది, భర్తగాని పంచాయతీ ఉద్యోగిగాని ఆ పని చేయకూడదు.

వేళ, వేదిక, పిలుపు

సాయంత్రం ఆరు గంటలకు సభ పెడితే వంటపని ఉన్నవారెవరూ రారు, వచ్చినవారు మధ్యలో లేస్తారు. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు అనువైన వేళ. మార్గశిర మాసంలో లక్ష్మివారాలు (గురువారాలు) ఎట్టి పరిస్థితిలోను పెట్టకూడదు. ఆ రోజు తెలుగు ఇళ్లలోను ఒడియా ఇళ్లలోను ఆడవారికి పూజ తప్ప వేరే తీరిక ఉండదు. టీలు అందించే పని కుర్రవాళ్లకు అప్పగించండి, లేకపోతే చర్చ వినవలసినవారే వంటగదిలో మిగిలిపోతారు.

వక్తకు అయిదు నిమిషాలు, ఖండనకు మూడు. గంట ఎవరికైనా ఒకేలా మోగాలి. అధ్యక్షుడు మగ వక్తను ‘రావుగారూ’ అని, స్త్రీని ‘చెల్లెమ్మా’ అని పిలవడం సభ మర్యాదలో తేడా తెస్తుంది. ఇద్దరికీ పేరు చివర గారు చేర్చాలని ముందే చెప్పి ఉంచండి. బయటికి వచ్చాక వరసలు ఎలాగూ ఉంటాయి.

సభ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రతిపాదన మీద రహస్య ఓటు తీసుకోండి. రెండోసారి చీటీలో, మొదటి అభిప్రాయం మారి ఉంటే ఏ మాట వల్ల మారిందో ఒక వాక్యం రాయమనండి. గెలిచిన పక్షాన్ని ప్రకటించేముందు ఆ వాక్యాలను పైకి చదివించండి. అంశం నుంచి తప్పుకున్నవి, వ్యక్తులను నిందించేవి పక్కన పెట్టి, మిగిలినవాటిని సంఘం మినిట్స్ పుస్తకంలో తేదీతో సహా రాసి ఉంచితే, ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు అదే ప్రతిపాదనను మళ్లీ పెట్టి పోల్చుకోవచ్చు. సాక్షిగా వచ్చినామెకు ఆ పేజీ నకలు ఒకటి, ఒడియా అనువాదంతో, వారం లోపల చేర్చండి.